“నా దగ్గర సాక్ష్యం ఏముంది?” అనుకునేవాళ్లకు: దేవుడు చేసిన మేలును చెప్పడం ఎలా

ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారు “ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారా” అనగానే సగం మంది తల దించుకుని బైబిల్ పేజీలు తిప్పుతుంటారు, ఎప్పుడూ చెప్పే ఆ నలుగురే లేచి చెప్తారు. తర్వాత బయట చెప్పుల దగ్గర నిలబడి అందరూ అడిగేది మాత్రం దాదాపు ఒకటే. నాకు పెద్ద అద్భుతాలేమీ జరగలేదు, ఏం చెప్పాలి? మైక్ పట్టుకుంటే చేతులు వణుకుతాయి, ఎలా? ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకు చెప్పాలని ఉంది, తప్పుగా అనుకుంటుందేమో? ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను. చదివి పక్కన పెట్టకుండా, ఒక కాగితం దగ్గర పెట్టుకుని చేసుకుంటూ వెళ్లండి.

ముందు రెండే మాటలు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో, దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగిన మనిషి బాగుపడ్డాక యేసుతో పాటు పడవ ఎక్కి వస్తానని బతిమాలాడు. ఆయన వద్దని, మీ ఇంటికి వెళ్లి నీకు ఏం జరిగిందో మీ వాళ్లకు చెప్పమన్నాడు. ఆ మనిషికి బైబిల్ ట్రైనింగ్ లేదు, మైక్ లేదు. యోహాను 9వ అధ్యాయంలో చూపు వచ్చినవాడిని ఆనాటి మతపెద్దలైన పరిసయ్యులు ఎన్నో ప్రశ్నలు వేస్తే, తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఒకప్పుడు గుడ్డివాడిని, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. సాక్షి పని అంతే, చూసింది చెప్పడం. ప్రసంగం చేయడానికి సంఘంలో వేరేవాళ్లు ఉన్నారు.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్
- నిజంగా మీకు జరిగిన ఒక సంగతి (మీ పిన్నికి జరిగింది పిన్నే చెప్పాలి)
- ఆ సంగతిలో ఉన్న మనుషుల అనుమతి
- దానికి సరిపోయే ఒకే ఒక్క వాక్యం, లేకపోయినా ఫరవాలేదు
- టైమ్ చూసుకోవడానికి ఫోన్
- ముందుగా విని నిజాయితీగా చెప్పే ఒక మనిషి, వీలైతే మీ ఇంట్లోవాళ్లే, ఎందుకంటే వాళ్ల దగ్గర మనం గొప్పలు చెప్పలేం

1. రాసిపెట్టుకోవడం అలవాటు చేసుకోండి

సాక్ష్యం లేదనేవాళ్లలో చాలామందికి నిజానికి ఉన్నది మరుపు. జనవరిలో కన్నీళ్లతో అడిగింది మార్చిలో జరిగితే, మేలో దాని ఊసే ఉండదు. అందుకే రాత్రి పడుకునేముందు రెండు లైన్లు రాయండి: ఏం అడిగాను, ఏం జరిగింది. తేదీ తప్పకుండా వేయండి. యొర్దాను దాటాక ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ నది మధ్యలోంచి 12 రాళ్లు తీయించి గిల్గాలులో నిలబెట్టించింది ఇందుకే కదా, రేపు పిల్లలు “ఈ రాళ్లేంటి” అని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి కనిపించాలి.

ఏం రాయాలో తోచకపోతే ఇవి అడుక్కోండి. ఈ వారం దేనికి భయపడ్డాను, ఆ భయం ఏమైంది? అవసరానికి ఎవరు వచ్చి నిలబడ్డారు, నేను పిలవకుండానే వచ్చారా? ఎప్పుడూ అరిచే చోట ఈసారి అరవకుండా ఉన్నానా? ఎవరినైనా క్షమించగలిగానా, లేక కనీసం క్షమించాలని అనిపించిందా? చదివిన వాక్యం ఏ పనిలో గుర్తొచ్చింది? ఇందులో చివరి మూడింటి గురించి మన సంఘాల్లో సాక్ష్యాలు చాలా తక్కువ వస్తాయి. జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది, వీసా వచ్చింది, ఈ నాలుగు దాటి వినిపించేవి అరుదు. ఆరేళ్లుగా మాటల్లేని తోటికోడలికి ఫోన్ చేయగలిగిన మనిషి లేచి ఆ సంగతి చెప్తే, నా దృష్టిలో అది వీసా సాక్ష్యం కంటే ఎక్కువమందికి ఉపయోగపడుతుంది, అలాంటి తోటికోడళ్లు అక్కడ కూర్చున్నవాళ్లలో ఎందరికో ఉన్నారు కాబట్టి.

హెచ్చరిక: ప్రతి చిన్నదాన్నీ బలవంతంగా సాక్ష్యం చేయకండి. సిగ్నల్ పచ్చగా ఉందనీ, పార్కింగ్ దొరికిందనీ మీరు దేవునికి థాంక్స్ చెప్పుకోవచ్చు, మంచిదే. నలుగురిలో చెప్పడానికి మాత్రం మీలో ఏదో ఒకటి మారిన సంగతిని ఎంచుకోండి.

2. ఒక్కటే ఎంచుకోండి

లేవగానే పుట్టుక నుంచి మొదలుపెట్టి, బాప్తిస్మం, పెళ్లి, ఆపరేషన్, ఇల్లు, పిల్లల చదువు అన్నీ ఒకే ఊపులో చెప్పేవాళ్లను చూస్తుంటాం. ఏ ఒక్కటీ వినేవాళ్లకు గుర్తుండదు. నోట్‌బుక్‌లో పదుంటే ఒకటి తీయండి, మిగిలినవి ఇంకో ఆదివారానికి ఉంటాయి. ఏది తీయాలో తేలకపోతే, ఎక్కువ గొప్పగా కనిపించేదాన్ని వదిలి, మీకు ఎక్కువ స్పష్టంగా గుర్తున్నదాన్ని తీసుకోండి.

3. నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి

అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో పౌలు అగ్రిప్ప రాజు ముందు చెప్పిన తీరు గమనించండి: ముందు నేను ఎలా ఉన్నాను, దమస్కు దారిలో ఏం జరిగింది, ఆ తర్వాత నేనేం చేశాను. మీరు కూడా అంతే.

క) పరిస్థితి ఏమిటి?
ఖ) అప్పుడు నేనేం చేశాను, ఏమని ప్రార్థించాను?
గ) ఏం జరిగింది, ఏం జరగలేదు?
ఘ) ఇప్పుడు నేనెలా ఉన్నాను?

“ఏం జరగలేదు” అన్నదాన్ని వదిలేయకండి. వినేవాళ్లు మిమ్మల్ని నమ్మేది అక్కడే.

ఒక నమూనా చూపిస్తాను. ఒక అక్క మొదట రాసుకున్నది ఇలా ఉందనుకోండి:

“ప్రియమైన దేవుని బిడ్డలందరికీ ప్రభువు నామంలో వందనాలు. ప్రభువు నా జీవితంలో ఎన్నో గొప్ప కార్యాలు చేశాడు. ఎన్నో శోధనలు, ఎన్నో ఇబ్బందుల్లోంచి విడిపించాడు. ఆర్థికంగా చాలా కష్టాల్లో ఉన్నప్పుడు అద్భుత రీతిగా మా అవసరతలు తీర్చాడు. దేవునికే మహిమ.”

అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ మాటలు ఎవరైనా చెప్పొచ్చు, ఎప్పుడైనా చెప్పొచ్చు, ఆమె కష్టమేమిటో మనకు తెలియదు, దేవుడు చేసింది ఏమిటో కూడా తెలియదు. అదే అక్క నాలుగు ప్రశ్నలతో మళ్లీ రాస్తే:

“అందరికీ వందనాలు. పోయిన జూన్‌లో మా ఆయన లారీ రిపేరుకొచ్చి షెడ్డులో ఉండిపోయింది. బడులు తెరిచే రోజులు, ఇద్దరు పిల్లలకీ పుస్తకాలు కొనాలి, గ్యాస్ బండ అయిపోయింది. మా చెల్లిని అడుగుదామంటే ముందు తీసుకున్నవే ఇవ్వలేదు, మొహం చెల్లలేదు. ఆ రాత్రి మోకరించి, ప్రభువా డబ్బు సంగతి తర్వాత, ముందు నాలో ఈ భయం తీసెయ్యి, పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను అని ఏడ్చాను. పొద్దున్నే డబ్బేమీ రాలేదు. కానీ ఆ రోజు పిల్లల మీద అరవలేదు. రెండు రోజులు కట్టెల పొయ్యి మీద వండాను. మూడో రోజు ఎదురింటి ఆంటీ, పెళ్లి చీరలకు ఫాల్స్ కుట్టే మనిషి దొరకలేదని 11 చీరలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను కుడతానని ఆమెకు చెప్పింది కూడా లేదు, మా పెద్దపాప గౌను చూసి కనుక్కుందట. ఆ డబ్బుతో గ్యాస్ వచ్చింది, పెద్దదానికి పుస్తకాలు వచ్చాయి, చిన్నదానికి పాత పుస్తకాలే ఇప్పించాను. లారీ బాగవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. చెల్లి అప్పు ఇంకా కొంత ఉంది, తీరుస్తున్నాను. కానీ ఇవన్నీ మీకు కావాలని మీ తండ్రికి తెలుసు అని ప్రభువు చెప్పిన మాట, ఆ చీరలు కుడుతున్నంతసేపూ నాకు గుర్తొస్తూనే ఉంది. ఇప్పుడు కూడా నెలాఖరులో భయం వస్తుంది, వచ్చినప్పుడు పిల్లల మీద అరవకుండా ముందు ప్రార్థన చేసుకుంటున్నాను. దేవునికి స్తోత్రం.”

చూడండి, ఇందులో ‘అద్భుతం’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు, అయినా ఎదురింటి ఆంటీ చీరలు తెచ్చిన దగ్గర వినేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. అప్పు ఇంకా ఉందని దాచలేదు. లారీ ఒక్క రాత్రిలో బాగుపడిందని కలపలేదు.

4. ప్రతి మాటా నిజమేనా అని సరిచూసుకోండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగండి. సాక్ష్యాల్లో వచ్చే పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది.

“డాక్టర్లు చేతులెత్తేశారు” అనే మాట తీసుకోండి. నిజంగా ఎత్తేశారా? లేక “48 గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచాలి” అన్నారా? రెండూ ఒకటి కాదు. ఐసీయూ బయట మనకున్న భయంలో అలా వినిపించి ఉండొచ్చు, అది అర్థం చేసుకోదగ్గదే, కానీ మైక్‌లో చెప్పేముందు డిశ్చార్జ్ సమ్మరీ తీసి చదవండి, లేదా ఆ రోజు మీతో ఉన్నవాళ్లను అడగండి. అప్పుడు డాక్టర్ అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. దేవుడు చేసినదానికి మన చేత్తో రంగు వేయాల్సిన అవసరం లేదు. ఆ సంఘంలోనే ఒక నర్సమ్మ కూర్చుని ఉంటే, మీరు చెప్పింది కలిపినదని ఆమెకు వెంటనే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఆమె అనుమానంగానే వింటుంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు, రక్తం ఇచ్చిన కుర్రాడు, రాత్రంతా మేలుకున్న మీ మరిది, వీళ్ల పేర్లు చెప్పకపోయినా వాళ్ల సాయం చెప్పండి. మనుషుల చేతుల మీదుగా వచ్చిన మేలును మనుషులు లేకుండా చెప్తే కృతజ్ఞత తప్పినట్టు.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. “ప్రార్థన చేశాక షుగర్ టాబ్లెట్లు మానేశాను, ఏమీ కాలేదు” అని ఎవరైనా చెప్తే, విన్న పదిమందిలో ఒక పెద్దావిడ ఇంటికెళ్లి తన టాబ్లెట్లు, ఇన్సులిన్ పక్కన పెట్టేస్తుంది. షుగర్, బీపీ, ఫిట్స్, గుండె జబ్బు మందులు డాక్టర్ చెప్పకుండా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. మీకు మందు తగ్గించింది డాక్టరే అయితే ఆ మాట కూడా కలిపి చెప్పండి.

ఇంకొకటి, ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. “నేను ఎక్కాల్సిన బస్సు మిస్సయ్యింది, ఆ బస్సు యాక్సిడెంట్ అయి అంతమంది పోయారు, దేవుడు నన్ను తప్పించాడు” అని చెప్తుంటారు. మీరు బతికినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోండి, తప్పేమీ లేదు. కానీ ఆ బస్సులో పోయినవాళ్లలో ప్రార్థించినవాళ్లు లేరా? వాళ్ల అమ్మ ఈ మాట వింటే ఎలా ఉంటుంది? ఇలాంటిది చెప్పాల్సి వస్తే చనిపోయినవాళ్ల కుటుంబాల కోసం ప్రార్థించమని కూడా అడగండి, నన్ను తప్పించాడు వాళ్లను వదిలేశాడు అన్న అర్థం ఎక్కడా రాకుండా చూసుకోండి.

“ప్రభువు నాతో మాట్లాడాడు” అని చెప్పేటప్పుడు, ఎలా అన్నది చెప్పండి. వాక్యం చదువుతుంటేనా, ప్రసంగంలోనా, మనసులో అనిపించిందా? అనిపించిందైతే అనిపించిందనే చెప్పండి.

5. అనుమతి తీసుకోండి

మీ ఆయన తాగుడు మానడం మీకు గొప్ప సాక్ష్యమే. కానీ అది ఆయన జీవితం. ఆయన్ను అడగకుండా మైక్‌లో చెప్తే, వచ్చే ఆదివారం నుంచి గుడికి రావడం మానేస్తాడు. అలాగే కొడుకు ఫెయిలవడం, కూతురికి సంబంధం తప్పిపోవడం, కోడలికి పిల్లలు ఆలస్యం కావడం, తమ్ముడి అప్పులు. అడగండి, వద్దంటే ఆ భాగం తీసేసి మీకు సంబంధించినంత వరకే చెప్పండి: “ఇంట్లో ఒక సమస్య వల్ల చాలాకాలం నిద్ర లేదు” అంటే చాలు, వివరాలు ఎవరికీ అవసరం లేదు.

ఇప్పుడు చాలా సంఘాల్లో ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. మీరు హాల్లో ఉన్న 60 మందికి చెప్తున్నాననుకుంటారు, ఊళ్లో ఉన్న మీ ఆడపడుచు ఫోన్‌లో చూస్తూ ఉంటుంది. లైవ్ ఉందా అని ముందే అడగండి. ఉంటే, ఆ కాసేపు కెమెరా ఆపమని అడిగే హక్కు మీకుంది. పాపంలో గడిచిన గతం, ఇంట్లో జరిగిన హింస, కోర్టులో ఉన్న కేసు లాంటివి ముందు పాస్టర్ గారితోనో అమ్మగారితోనో (పాస్టర్ గారి భార్యతో) విడిగా మాట్లాడి, అప్పుడు నిర్ణయించుకోండి.

6. మూడు నిమిషాలకు కుదించండి

చేత్తో రాస్తే ఒక పేజీ. బిగ్గరగా చదివి టైమ్ చూడండి. మూడు దాటితే కోయాల్సింది ఎక్కువగా మొదట్లోనే ఉంటుంది: పొడుగాటి వందనాలు, “ఈ అవకాశం ఇచ్చిన పాస్టర్ గారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, వేదిక మీద ఆసీనులైన...” వంటివి. ఒక్క “అందరికీ వందనాలు” చాలు. ఎన్నో తారీఖా, సోమవారమా మంగళవారమా అని మధ్యలో ఆగి గుర్తు చేసుకోవడం కూడా తీసేయండి.

మొత్తం బట్టీ పట్టకండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చేలా చేసుకోండి. మధ్యలో జరిగింది మీకే జరిగింది కాబట్టి అదే వస్తుంది. చివరి వాక్యం లేకపోవడం వల్లే చాలామంది ఆపలేక తిరిగి తిరిగి అదే చెప్తుంటారు.

7. చోటును బట్టి మార్చండి

*సంఘంలో.* పాస్టర్ గారికి ముందే చెప్పండి, ఎంత టైమ్ ఉందో అడగండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఒక్క నిమిషమే ఇస్తారు, దానికి ఘ) జవాబు ఒక్కటి, గ) లోంచి రెండు వాక్యాలు తీసుకోండి. భయపడేవాళ్లకు శుక్రవారం ఉపవాస ప్రార్థన గానీ, గృహ కూడిక గానీ మొదలుపెట్టడానికి మంచి చోటు, చాప మీద కూర్చునే చెప్పొచ్చు, తెలిసిన మొహాలే ఉంటాయి. అసలు నోరు పెగలదంటే కాగితం చూసి చదవండి, ఎవరూ ఏమీ అనుకోరు. అదీ కష్టమైతే రాసి అమ్మగారికిచ్చి చదివించండి. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఫోన్ కాల్‌లో ప్రార్థన కూడికల్లో కలిసేవాళ్లు ముందే రికార్డు చేసుకుని ఒకసారి వినండి, కాల్‌లో మన గొంతు ఎంత తొందర తొందరగా పోతుందో అప్పుడు తెలుస్తుంది.

*ఇంట్లో, బంధువుల్లో.* ఇదే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఫలించేది కూడా. ఒంగోలు ప్రాంతం చరిత్ర తెలిసినవాళ్లు యెర్రగుంట్ల పేరయ్య పేరు విని ఉంటారు. తోలు పని చేసుకునే కుటుంబాల్లో పుట్టిన మనిషి, 1866లో బాప్తిస్మం పొంది, తిరిగి తన వాళ్ల దగ్గరికే వెళ్లి తనకు జరిగింది చెప్పుకుంటూ పోయాడు. మరుసటి ఏడు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వెళ్లేసరికి అతని మాట విని నమ్మినవాళ్లు ఎదురుచూస్తూ ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని చెప్పుకుంటాం కానీ, దాని వెనుక ఇలా చుట్టాల ఇళ్ల అరుగుల మీద కూర్చుని చెప్పిన మాటలు ఏళ్ల తరబడి ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకు మన మాట కంటే ముందు మన తీరు తెలుసు. అందుకే వాళ్ల దగ్గర మారినదాన్ని ఒక్క ముక్కలో ఒప్పుకోండి: “నాన్నా, ముందు నీతో చాలా దురుసుగా మాట్లాడేవాణ్ని, ఇప్పుడు దేవుడు నన్ను సరిచేస్తున్నాడు.” అంతే. వెంటనే “నువ్వు కూడా...” అని మొదలుపెట్టకండి.

*ఆఫీసులో, ఇరుగుపొరుగులో.* వాళ్లు అడిగినప్పుడు చెప్పండి. అడగకపోతే వాళ్లతో మనిషిగా ఉండండి, వాళ్ల కష్టం వినండి. ఉదాహరణకు లంచ్‌లో పక్క సీటు అమ్మాయి అడిగిందనుకోండి:

“ఏంటక్కా, మీ నాన్నగారికి అంత సీరియస్‌గా ఉన్నా నువ్వు ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నావు? నాకైతే టెన్షన్‌తో తల పగిలిపోయేది.”

“టెన్షన్ నాకూ ఉందమ్మా. మొదటి వారం అసలు తిండి సయించలేదు. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు ప్రార్థన చేసుకుంటున్నాను. నాన్న పరిస్థితి అలాగే ఉంది గానీ, దేవుడు దగ్గరే ఉన్నాడని ధైర్యంగా ఉంటోంది. మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి ఇప్పుడు?”

ఇంతే. ఇంకా వినాలనుకుంటే ఆ అమ్మాయే మళ్లీ అడుగుతుంది. అడగకపోతే కూడా మీ స్నేహం అలాగే ఉండాలి. వాళ్ల దేవుళ్ల గురించి, పూజల గురించి ఒక్క తక్కువ మాట రాకూడదు, వాళ్లను ‘అన్యులు’ అని పిలిచే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. “నువ్వూ నమ్మితే నీకూ ఉద్యోగం వస్తుంది” అని మాట ఇవ్వకండి, అలా మాట ఇచ్చే అధికారం మనకు లేదు. మీ కింద పనిచేసేవాళ్లకు, మీ దగ్గర అప్పు తీసుకున్నవాళ్లకు చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త, వాళ్లు కాదనలేక వింటారు, అలా వినిపించడం మంచిది కాదు. సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమని పేతురు రాసింది ఇలాంటి చోట్ల కోసమే.

*వాట్సాప్‌లో.* పది లైన్లలోపు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ల ఫోటో పెట్టకండి, రిపోర్టులు అసలే పెట్టకండి. చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో వద్దు. అడిగినవాళ్లకు విడిగా పంపండి.

దేవుడు అడిగింది ఇవ్వకపోతే?

ఈ ప్రశ్న అడగడానికి కూడా చాలామంది సిగ్గుపడతారు. నలభై రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించాం, అమ్మ దక్కలేదు, ఇప్పుడు నేను ఏం సాక్ష్యం చెప్పాలి అని. చెప్పొచ్చు, చెప్పాలి కూడా. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను బాధపెడుతున్న ఒక బలహీనత, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. ఆ సంగతిని ఆయన దాచకుండా కొరింథువాళ్లకు రాశాడు.

ఎలా చెప్పాలంటే, తొందరపడకుండా. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా మైక్ దగ్గరకు పిలిస్తే ఇప్పుడు కాదండి అని చెప్పేయండి. చెప్పే రోజు వచ్చినప్పుడు, “ఇదంతా మంచికే జరిగింది” అని బలవంతంగా ముగించకండి. ఎందుకు జరిగిందో తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆ రోజుల్లో ఎవరు అన్నం తెచ్చారు, ఏ పాట వింటే ఏడుపు వచ్చింది, ఏ రోజు మొదటిసారి ప్రార్థన చేయగలిగారు, అవి చెప్పండి. సంఘంలో ఇంకా జవాబు రానివాళ్లే ఎక్కువమంది. వాళ్లకు ఈ సాక్ష్యం వినిపించకపోతే, తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుని లోలోపల కుమిలిపోతారు.

తరచుగా జరిగే తప్పులు

కష్టం గురించి రెండున్నర నిమిషాలు, దేవుడు చేసినదాని గురించి పది సెకన్లు. ఇది చాలా ఎక్కువ. రాసిన కాగితంలో గ), ఘ) జవాబులు కలిపి కనీసం సగం ఉన్నాయో లేదో చూడండి.

ఎవరికో తగిలేలా చెప్పడం. “నన్ను అవమానించినవాళ్లను దేవుడు సిగ్గుపరిచాడు” అన్నప్పుడు అక్కడున్న సగం మందికి అది ఎవరో తెలుసు, ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. అది సాక్ష్యం కాదు, గొడవకు కొనసాగింపు. ఇలాంటి వాక్యం కనిపిస్తే మొత్తం కొట్టేసి, వీలైతే ముందు ఆవిడతో మాట్లాడండి.

ఇచ్చిన కానుకను వచ్చిన మేలుకు ముడిపెట్టడం. “ఇంత ఇస్తానని మొక్కుకున్నాను, వెంటనే జరిగింది” అని మొత్తంతో సహా చెప్పకండి. లేనివాళ్లు ఇంకా కుంగిపోతారు. ఇచ్చింది ఇచ్చినట్టు మీకూ దేవునికీ మధ్యే ఉండనివ్వండి.

సాక్ష్యం మధ్యలో ప్రసంగంలోకి జారడం. “కాబట్టి ప్రియులారా, మనం...” అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే జారినట్టే. “నేను” దగ్గరకు తిరిగి రండి.

బయటివాళ్లకు అర్థం కాని మాటలు. విడుదల, అభిషేకం, శోధన, రక్షణ అనుభవం, ఇవి మనకు అలవాటే గానీ మొదటిసారి వచ్చినవాళ్లకు తెలియవు. పక్కింటివాళ్లకు చెప్పినట్టు చెప్పండి.

పిల్లల చేత చెప్పించేటప్పుడు పెద్దవాళ్లు రాసిచ్చింది చెప్పించడం. ఏడేళ్ల పాప “లోక మర్యాదలను విడిచి” అంటుంటే వినడానికి బాగుండదు. ఏం జరిగిందో దాని మాటల్లోనే చెప్పనివ్వండి, రెండు వాక్యాలైనా సరే.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

చెప్పడానికి ముందు: మీరు ఎంచుకున్న మనిషికి వినిపించి, “నేనేం చెప్పానో ఒక్క మాటలో చెప్పు” అనండి. “దేవుడు నీకు ఇది చేశాడు” అని వస్తే సరిపోయింది. “పాపం చాలా కష్టపడ్డావు” అని వచ్చినా, “నీ విశ్వాసం గొప్పది” అని వచ్చినా మళ్లీ 3వ మెట్టుకు వెళ్లండి. తర్వాత, ఆ సంగతి జరిగినప్పుడు మీతో ఉన్నవాళ్లు పక్కనే కూర్చుని వింటే ఏ మాట దగ్గర కనుబొమ్మ ఎగరేస్తారో ఆలోచించండి. ఆ మాట సరిచేయండి.

చెప్పిన తర్వాత: చప్పట్లు, హల్లెలూయలు ఎన్ని వచ్చాయన్నది లెక్కలోకి తీసుకోకండి, అవి గొంతు పెంచినా వస్తాయి. కూడిక అయ్యాక ఎవరైనా మీ దగ్గరకొచ్చి “అక్కా, మా ఇంట్లో కూడా ఇలాగే ఉంది” అని తమ సంగతి మొదలుపెట్టారా? పెట్టారంటే మీరు చెప్పింది చేరింది. అప్పుడు మీరు రెండో సాక్ష్యం ఎత్తుకోకుండా, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. సలహా అడిగితేనే ఇవ్వండి. వాళ్ల పేరు, వాళ్లు ప్రార్థించమన్న సంగతి అదే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి, వారం లోపల ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కోండి. వాళ్లు మీతో చెప్పింది మాత్రం ఇంకొకరికి, ప్రార్థన మనవి పేరుతో కూడా, వాళ్లను అడక్కుండా చెప్పొద్దు.